నిబ్బరం వేరు, పట్టనితనం వేరు

సంపాదకులకు నమస్కారం.

మాది అమలాపురం దగ్గర, గోదావరి పాయ పక్కన ఊరు. ఇంటి వసారాలో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. మీ పోటీ పరీక్షల పేజీని మా పిల్లలు కత్తిరించి నోటుబుక్కులో అతికించుకుంటారు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈమధ్య ఆ పేజీలో కంపోజర్ (composure), పాయిజ్, అప్లాంబ్, ఈక్వానిమిటీ, నాన్‌చలెన్స్ అని ఐదు మాటలు వరసగా ఇచ్చి అన్నిటికీ ‘ప్రశాంతత’ అని ఒకే అర్థం వేశారు.

గోదావరి మధ్య లంక నుంచి నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి ఉన్నాడు, వాళ్ల నాన్నకు నాటు పడవ ఉంది. 2022 జూలై వరదకు ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, మూడో ప్రమాద హెచ్చరిక (17.75 అడుగులకు ఇచ్చేది) నడుస్తుండగా, ముసలివాళ్లనీ పసిపిల్లల తల్లుల్నీ ఏటిగట్టుకు చేర్చాడాయన. పిల్లాడు ఆ సంగతి వ్యాసంగా రాస్తూ ‘మా నాన్న నాన్‌చలెంట్‌గా పడవ నడిపాడు’ అన్నాడు. చదివి నాకు చాలా బాధేసింది. ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్లు ఆ వాక్యం చూస్తే, పడవలోవాళ్లు ఏమైపోతే నాకేంటి అన్నట్టు నడిపాడనుకుంటారు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకు మూలంలో ఉన్నదే ‘వేడి పుట్టకపోవడం’, అంటే పట్టనితనం.

ఆ చోట రాయాల్సింది కంపోజ్డ్ అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, ‘గట్టెక్కాక నాన్న చేతులు వణికిపోయాయి కదండీ, అయినా ఆ మాట సరిపోతుందాండీ?’ అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్నో చూడండి! సరిపోతుంది, ఎందుకంటే కంపోజర్ అంటే భయం లేకపోవడం కాదు, లోపల టెన్షన్ ఉన్నా మనసు చెదరనీయకుండా కూడగట్టుకోవడం, అందుకే ఇంగ్లీషువాళ్లు దాన్ని పోగొట్టుకున్నాడనీ మళ్లీ తెచ్చుకున్నాడనీ అంటారు. మనం నిబ్బరం అనేది దాన్నే.

ఈక్వానిమిటీ ఒక గంట పట్టుకుని వదిలేసేది కాదు, మనిషి స్వభావం. లాటిన్‌లో ‘సమమైన మనసు’ అని, గీతలో చెప్పిన సమత్వానికి దగ్గర. 1996 నవంబరు తుఫానుకు మా తాతగారి కొబ్బరితోట మొత్తం పడిపోయింది. చెట్లు విరగ్గాసిన ఏడు ఆయన ముఖం ఎలా ఉండేదో ఆ మర్నాడూ అలాగే ఉంది, కూలీలను పిలిచి మానులు తీయించారు, తర్వాత మళ్లీ మొక్కలు వేయించారు. ఆయన గురించి రాయాల్సి వస్తే నేను ఈ మాటే వాడతాను.

పాయిజ్‌లో ఉన్నది బరువు, తూకం. నెత్తిన గడ్డిమోపుతో సన్నటి చేనుగట్టు మీద తడబడకుండా నడిచే మనిషిని చూస్తే అర్థమైపోతుంది, నడకలో, నిలబడే తీరులో కనబడే కుదురు అది. అప్లాంబ్ అయితే తాపీమేస్త్రి గోడ నిలువు చూడటానికి దారానికి కట్టి వేలాడదీసే గుండు నుంచి వచ్చింది. హరికథ మధ్యలో మైకు ఆగిపోతే భాగవతారు గారు తడుముకోకుండా గొంతు పెంచి కథ నడిపించేస్తారే, అదీ అప్లాంబ్. మీరు ఇవ్వలేదు గానీ సాంగ్‌ఫ్రువా (sangfroid) అని ఇంకోటి ఉంది, ‘చల్లని నెత్తురు’ అని అర్థం, ప్రమాదంలో అసలు బెదరని మనిషికి మెప్పుగా వాడతారు. అదే అర్థమున్న కోల్డ్ బ్లడెడ్ మాత్రం కర్కోటకుడికి వాడే తిట్టు. ఇది కూడా పిల్లలకు చెప్పాలి.

నిబ్బరం, కుదురు, స్థిమితం, నిమ్మళం, తాపీ అని మనకే ఇన్ని మాటలుండగా అన్నిటికీ ఒక్క ప్రశాంతత ఎందుకండీ? ఒక్కోదానికి తగిన తెలుగు మాట, పక్కన ఒక చిన్న వాక్యం ఇస్తూ దయచేసి దిద్దుబాటు వేయండి. కొత్తది వస్తే పాత కత్తిరింపు మీద అతికించుకోవాలని పిల్లలు చూస్తున్నారు.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్,
కోనసీమ