2024–25 వార్షిక నివేదిక: అయస్కాంతం, వెలుగు, మైక్రోవేవ్

మన సైన్స్ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదంతా ఒకే విషయం పట్టుకుందామని నిరుటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం: అయస్కాంత పదార్థాల గుండా వెలుగు, మైక్రోవేవ్‌లు పోతే ఏమవుతుంది? నల్లగొండలో ఇదెవరు వింటారని కొందరు గొణిగారు. వానాకాలం సమావేశాలకు జనం పల్చగానే వచ్చిన మాట నిజం. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం నాటి ప్రయోగం తర్వాత మాత్రం తిప్పర్తి, నకిరేకల్ నుంచి కూడా టీచర్లు వస్తున్నారు.

ఆ ప్రయోగం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అయస్కాంత క్షేత్రంలో పెట్టిన బరువైన గాజు గుండా ఒకే దిశలో కంపించే వెలుగును పంపితే, ఆ దిశ పక్కకు తిరుగుతుందని 1845లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. మనకు ఆ గాజు దొరక్క నీళ్లతో చేశాం. చిక్కేమిటంటే, 100 గాస్ (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) క్షేత్రంలో 10 సెంటీమీటర్ల నీళ్లు దాటినా ఆ మలుపు డిగ్రీలో ఐదో వంతే. కంటికి ఆనదు. అందుకని నీళ్ల గొట్టానికి రాగి తీగ చుట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించిన ఏసీ కరెంటు ఇచ్చాం, దానితో పాటు మలుపు అటూ ఇటూ ఊగి, వెలుగులోని హెచ్చుతగ్గులు శబ్దంగా వినిపిస్తాయని. బ్యాటరీ లేజర్ వెలుగు ఒక పోలరాయిడ్ (ఒకే దిశలో కంపించే వెలుగునే పోనిచ్చే పలక), నీళ్లు, రెండో పోలరాయిడ్ దాటి, స్పీకర్‌కు కలిపిన ఫోటోడయోడ్ (వెలుగును కరెంటుగా మార్చే పరికరం) మీద పడగానే స్పీకర్ గుయ్యిమంది. ‘అది తీగచుట్ట నుంచి వైర్లకెక్కిన రొద కాదా సార్?’ అని తొమ్మిదో తరగతి పాప అడిగింది. లేజర్‌కు అట్టముక్క అడ్డం పెట్టాం. రొద తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అంటే కొంత వెలుగుది, కొంత ఆ పాప చెప్పిందే. ఏడాదిలో వచ్చిన ప్రశ్నల్లో నా దృష్టిలో అదే మేలైనది.

అసలు గమ్మత్తు తిరుగు దారిలో ఉంది. చక్కెర నీళ్లూ వెలుగును తిప్పుతాయి, కానీ అద్దంతో వెనక్కి పంపితే ఆ మలుపు విడిపోతుంది. అయస్కాంతం తిప్పింది విడిపోదు, రెట్టింపవుతుంది. మలుపు 45 డిగ్రీలు ఉండేలా చేస్తే, పోతూ 45, వస్తూ 45, మొత్తం 90 డిగ్రీలు. మొదటి పోలరాయిడ్ దాన్ని అక్కడే ఆపేస్తుంది. ఇంటర్నెట్ ఫైబర్‌లోకి వెలుగు పంపే లేజర్ల ముందు ఇలాంటి ఒంటిదారి పరికరాలు పెడతారు, వెనక్కొచ్చిన వెలుగు లేజర్‌ను చెడగొట్టకుండా.

మైక్రోవేవ్‌లకు ఈ పని ఫెర్రైట్ చేస్తుంది. అది ఇనుప ఆక్సైడ్‌తో చేసిన సిరామిక్. కరెంటును దాదాపు పోనివ్వదు కాబట్టి తరంగం లోపలికి దూరగలదు. మామూలు ఇనుములో పైపొరలోనే ఆగిపోతుంది. క్షేత్రంలో ఎలక్ట్రాన్ స్పిన్‌లు (ఒక్కో ఎలక్ట్రాన్ చిన్న అయస్కాంతంలా ఉండే గుణం) బొంగరంలా ఊగుతూ తిరుగుతాయి, టెస్లాకు (10,000 గాస్) సుమారు 28 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 2,800 కోట్ల సార్లు చొప్పున, అదీ ఒకే వైపుకు. అటువైపే తిరిగే తరంగంతో గట్టిగా కలుస్తాయి, ఎదురు తిరిగేదాన్ని పెద్దగా పట్టించుకోవు. దీన్ని వాడుకుని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో హోగన్ 1952లో ఫెర్రైట్ పరికరాలు చేసి చూపాడు. 1956లో ఫ్రాన్స్‌లో బెర్టో, ఫోరా ఇట్రియం ఐరన్ గార్నెట్‌ను (ఇనుము కలిసిన, కరెంటును పోనివ్వని మరో అయస్కాంత పదార్థం) ప్రకటించారు. రాడార్లలో, సెల్ టవర్ల పరికరాల్లో ఈ జాతి ముక్కలుంటాయి.

రిపేరు షాపు నడిపే మన సభ్యుడొకరు పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పి, మాగ్నెట్రాన్‌లోని (మైక్రోవేవ్‌లు పుట్టించే భాగం) రెండు ఉంగరాల అయస్కాంతాలు చూపించారు. ప్లగ్ పీకినా కెపాసిటర్‌లో ప్రాణం తీసే చార్జ్ మిగలొచ్చు. ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు.

ఇస్తామన్న హాలు చివరి రోజున ఇవ్వనందుకు రెండు సమావేశాలు సభ్యుల ఇళ్ల వరండాల్లో జరిగాయి. చందాలతో ఖర్చులు గట్టెక్కాయి. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే ఏడాదికి బరువు గాజు సంపాదించాలి. అయస్కాంతం మీద పడి తిరిగొచ్చిన వెలుగులో జాన్ కెర్ 1877లో చూసిన మలుపును కూడా పట్టుకోవాలని ఉంది. దానికి మంచి పోలరాయిడ్‌లు కావాలి, కాబట్టి చందా బాకీ ఉన్నవాళ్లు త్వరగా కట్టండి.

– కార్యదర్శి