మూడోవాడు దొరికాడురా

కావలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, జవాబు రాయనందుకు కోప్పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్నే ఉన్నాయి, తమ్ముడు మళ్లీ రొయ్యల గుంట కౌలుకు తీసుకున్నాడు. మిగతాది తర్వాత, ముందు ఇది విను.

1729 గుర్తుందా? ఇంగ్లండు గణిత పండితుడు హార్డీ ఎక్కొచ్చిన టాక్సీ నంబరు, రామానుజన్ ఆసుపత్రిలో పడుకునే దాని గొప్ప చెప్పేశాడని సార్ చెప్పిన కథ. 1, 12 ఘనాలు కలిపినా అదే, 9, 10 ఘనాలు కలిపినా అదే. రెండు జతలే అని మనం అక్కడితో పుస్తకం మూసేశాం. మరి భిన్నాలను కూడా రానిస్తే?

మొన్న రాత్రి కరెంటు పోయింది. కొవ్వొత్తి పెట్టుకుని, చింపిన క్యాలెండరు కాగితం వెనక ఎక్స్ ఘనం ప్లస్ వై ఘనం ఈక్వల్స్ 1729 అని రాసి ఆ వక్రరేఖ గీశా. దాని మీద (1, 12) ఒక చుక్క, (9, 10) ఇంకో చుక్క. రెంటినీ కలుపుతూ ఒక గీత గీశా, దాని వాలు −1/4. ఆ గీత వక్రరేఖను ఇంకెక్కడ కోస్తుందా అని వై బదులు (49 − ఎక్స్)/4 పెడితే ఘన సమీకరణం వచ్చింది, మొదటి గుణకం 63, రెండోది 147. మూలాలు మూడు, రెండో గుణకాన్ని మొదటిదానితో భాగించి గుర్తు మారిస్తే వాటి మొత్తం −147/63, అంటే −7/3. అందులో 1, 9 మనకు ముందే తెలుసు కదా, ఇక మూడోది −37/3 కాక ఎక్కడికి పోతుంది! దానికి వై 46/3. నమ్మబుద్ధి కాక గుణించి చూశా. 46 ఘనం 97336, అందులోంచి 37 ఘనం 50653 తీస్తే 46683, దాన్ని 27తో భాగిస్తే... సరిగ్గా 1729 రా!

మూడోవాడు, అదీ సున్నాకి అవతలి పక్క నుంచి. బిట్రగుంటలో రమణగాడు ఎప్పుడూ ప్లాట్‌ఫారం అవతలి వైపు నుంచే రైలెక్కేవాడు చూడు, అచ్చం అట్నే.

వృత్తమైతే ఒక్క చుక్క చాలు, అక్కడి నుంచి భిన్నం వాలుతో గీతలు గీస్తూ పోతే భిన్నాల చుక్కలన్నీ ఒకే సూత్రంలోకి వచ్చేస్తాయి. ఈ ఘనాల రేఖ అట్టా లొంగదు. కానీ కొన్ని చుక్కలు చేతిలో ఉంటే చాలు, గీతలూ స్పర్శరేఖలూ గీసుకుంటూ మిగతా అన్నిటినీ పట్టొచ్చని 1922లో మోర్డెల్ అనే గణిత పండితుడు నిరూపించాడు. అదే ఘనం బదులు నాలుగో ఘాతం పెట్టావా, ఇక భిన్నాల చుక్కలు ఎప్పటికీ పరిమితమే, అది 1983లో ఫాల్టింగ్స్ అనే ఇంకో పండితుడు తేల్చాడు. ఒక్క ఘాతం పెరిగితే ఇంత తేడానా అని...

ఆ కాగితం సార్‌కి చూపించాలనిపించిందిరా. ఆయన లేరని గుర్తొచ్చి, కొవ్వొత్తి కరిగిపోయేదాకా అట్నే కూర్చున్నా.

తమ్ముడు బండి తీసి హారన్ కొడుతున్నాడు, ఒంగోలు పోవాలి. నువ్వు (1, 12) దగ్గర స్పర్శరేఖ గీసి చూడు. నాకు −3457/1727, 20760/1727 వచ్చాయి, నీకూ అవే వస్తే వెంటనే



నీ
ప్రసాదు