మా చెల్లి బాబు కోసం పరిగెత్తినోళ్ళందరికీ థాంక్స్ (కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకోండి)

అందరికీ నమస్తే అండి. మా చెల్లి బాబు నిన్న డిశ్చార్జ్ అయ్యి ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు పక్క రూమ్‌లో పాల కోసం ఇల్లు పీకి పందిరేస్తున్నాడు, ఆ ఏడుపు వింటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేద్దామంటే సగం మంది నంబర్లు నా దగ్గర లేవు, అందుకే ఇక్కడే రాసేస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. పుట్టగానే బాబుకి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. చెల్లికి 36 వారాలు కూడా నిండలేదు, ముందురోజు నుంచే ఉమ్మనీరు కొంచెం కొంచెంగా పోతోందంట, అమ్మావాళ్ళు నంద్యాలలో బస్సెక్కేలోపే నొప్పులు మొదలయ్యాయి. బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి దగ్గరున్న హాస్పిటల్‌కే తీసుకెళ్ళాం. నీరు పోయి 18 గంటలు దాటింది, పైగా జ్వరం కూడా ఉందని వెళ్ళగానే యాంటీబయాటిక్ ఐవీలో (నరంలోకి) పెట్టారు కానీ, అది పని చెయ్యాలంటే కాన్పుకి కనీసం 4 గంటల ముందు పడాలంట, వీడేమో అంత టైమ్ ఇవ్వకుండా వచ్చేశాడు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి మొదటి దండం. బాబు రొమ్ము పట్టట్లేదు, మేమంతా పాపం అలిసిపోయి పడుకున్నాడులే అనుకుంటున్నాం. ఆవిడ వచ్చి చుట్టిన గుడ్డ విప్పింది, పొట్ట ఎగరడం చూస్తూ వాచీ పట్టుకుని నిమిషమంతా లెక్కపెట్టింది, ఎందుకో ఆగి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మూలుగు వస్తోంది, చెవి దగ్గర పెడితే తప్ప మాకు వినపడలేదు. ఊపిరి నిమిషానికి 60 సార్లు దాటితే పట్టించుకోవాల్సిందే అని చెప్పి, ఇంకో మాట లేకుండా వెళ్ళి డ్యూటీ డాక్టర్‌ని లేపుకొచ్చింది. మలయాళీ అమ్మాయి, నా హిందీ తనకి సగం, తన హిందీ నాకు సగం అర్థమైంది, అయినా ఏ లోటూ రాలేదు. ఈ జబ్బు మొదటి వారంలో వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి మొదటి 24 గంటల్లోనే బయటపడుతుందంట, గంటల్లోనే ముదిరిపోతుందంట కూడా. తెల్లారాక చూద్దాంలే అని తను అనుకుని ఉంటే? ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి.

అక్కడ ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) బెడ్ ఖాళీ లేదు. గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టానంతే, ఆ టైమ్‌లో ఎవరు మేలుకుని ఉంటారులే అనుకుంటే టకటకా ఫోన్లు. ఇంక్యుబేటర్ ఉన్న అంబులెన్స్ మాట్లాడిన అన్నా, జయనగర్ వైపు ఏ హాస్పిటల్లో బెడ్ ఉందో కనుక్కున్న అక్కా, అడ్వాన్స్ కట్టాలంటే వెంటనే గూగుల్ పే చేసి "తర్వాత చూద్దాం లేమ్మా" అన్న సి బ్లాక్ అంకుల్, మీ రుణం ఎలా తీరుతుందో నాకు తెలీదు. అంకుల్ మీ డబ్బులు మాత్రం సోమవారం వేసేస్తా, వద్దనకండి. ఎప్పుడూ ట్రాఫిక్‌తో కిక్కిరిసే సిల్క్ బోర్డ్ జంక్షన్ ఖాళీగా ఉండగా చూడటం నా బెంగళూరు జీవితంలో అదే ఫస్ట్ టైమ్.

జయనగర్ హాస్పిటల్లో చేర్చాక, రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే బ్లడ్ కల్చర్ టెస్ట్‌లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అని వచ్చింది. వెన్ను నుంచి నీరు తీసి టెస్ట్ చేశారు, అది క్లియర్‌గా ఉంది, అంటే మెదడు పొరలకి పాకలేదు, కాబట్టి 10 రోజుల ఇంజెక్షన్లతో సరిపోయింది, లేకపోతే కనీసం 14 రోజులు ఇవ్వాలంట. వినికిడి టెస్ట్ కూడా చేశారు, బాగుంది.

అక్కడి పిల్లల డాక్టర్ గారికి మాత్రం వైద్యం కంటే ఎక్కువగా ఇంకోదానికి థాంక్స్ చెప్పాలి. చెల్లి ఒకటే ఏడుపు, నా వల్లే నా వల్లే అని. వాళ్ళ అత్తగారు కూడా పాపం మనవడి మీద బెంగతోనే, "శుభ్రంగా ఉండలేదేమో" అని ఓ మాట అనేశారు. సార్ ఆ మాట విన్నారు. కన్నడ యాస తెలుగులో ఆవిడనే కూర్చోబెట్టి చెప్పారు, అమ్మా, ఈ బ్యాక్టీరియా పేగుల్లో, యోనిలో ఊరికే ఉంటుంది, ప్రపంచంలో గర్భిణుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఉంటుంది, వాళ్ళకి నొప్పి ఉండదు మంట ఉండదు, వస్తుంది పోతుంది మళ్ళీ వస్తుంది, స్నానంతో పోయేది కాదు, శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు అని. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి కాళ్ళ పుళ్ళలో, యూరిన్ ఇన్ఫెక్షన్లలో కూడా ఇదే కనిపిస్తుందని ఆయన అనగానే అత్తగారు ఒక్క క్షణం ఆగి, "పోయినేడు మా ఆయన కాలు వాచినప్పుడు రిపోర్ట్‌లో ఇదే ఉన్నట్టుంది సార్" అన్నారు! ఆ తర్వాత చెల్లిని ఒక్క మాట అంటే ఒట్టు. రోజూ ఫ్లాస్క్‌లో రాగిజావ తెచ్చింది కూడా ఆవిడే.

గ్రూప్‌లో కడుపుతో ఉన్నోళ్ళు అడుగుతున్నారు కాబట్టి సార్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. 36, 37 వారాల్లో స్వాబ్ టెస్ట్ ఉంటుంది, యోని దగ్గర, మలద్వారం దగ్గర పుల్లతో తీస్తారు, నొప్పేం ఉండదు. మన దగ్గర అన్ని హాస్పిటల్స్‌లో రొటీన్‌గా చెయ్యరు, మీ డాక్టర్‌ని మీరే అడగండి. ఉందని తేలితే ముందుగా ట్యాబ్లెట్లు మింగితే లాభం లేదు, కాన్పు టైమ్‌కి మళ్ళీ వచ్చేస్తుంది, నొప్పులు మొదలయ్యాక ఐవీలో పెన్సిలిన్ ఇస్తారు. పెన్సిలిన్ పడనివాళ్ళు ముందే చెప్పండి, వేరే మందులున్నాయి. మా చెల్లికి టెస్ట్ టైమ్ రాకముందే కాన్పైంది, అది ఎవరి చేతిలోనూ లేదు. ఇంకోటి, నొప్పులప్పుడు తల్లికిచ్చే ఆ ఇంజెక్షన్ మొదటి వారంలో వచ్చేదాన్నే ఆపుతుంది, మూడు నెలల వరకూ ఆలస్యంగా వచ్చే రకం వేరే ఉంది, అందుకే పసిబిడ్డకి జ్వరం వచ్చినా, పాలు మానేసినా, వేలాడిపోయినట్టున్నా ఇంట్లో చిట్కాలు వద్దు, హాస్పిటల్‌కి పరిగెత్తడమే.

ఎన్ఐసీయూ బయట కుర్చీల్లో పరిచయమైన హిందూపురం అక్కా, పాలు పిండటం చెల్లికి ఓపిగ్గా నేర్పింది నువ్వే, మీ పాప కూడా త్వరగా ఇంటికి రావాలి.

ఇక రోజూ క్యారియర్లు పంపిన అపార్ట్‌మెంట్ ఆంటీలు. అన్నీ తోమి పెట్టాను, కానీ ఏ గిన్నె ఎవరిదో కలిసిపోయాయి. ఒకదాని మూత మీద "కె.ఎస్. గృహప్రవేశం" అని కొట్టించి ఉంది, ఇంకోదానికి పిడి వదులైంది. మీవైతే కింద కామెంట్ పెట్టండి, సాయంత్రం తెచ్చిస్తా.