చందాదారులకు: ఆవకాయ తప్పు, ఆగిపోయిన డబ్బులు, ఇకపై నెలకి పన్నెండే వ్యాసాలు

అందరికీ నమస్కారం.

ఏప్రిల్‌లో మన తెలుగు వ్యాసాల సైటులో ఆవకాయ మీద ఒక వ్యాసం వచ్చింది. మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు కొట్టి, ఆ ముక్కల్ని శుభ్రంగా కడగాలని అందులో ఉంది. పొద్దున ఎనిమిదింటికి పెట్టాం. తొమ్మిదిన్నరకల్లా భీమవరం నుంచి ఒక చందాదారు ఫోన్ చేశారు. "ఏం బాబూ, ఆవకాయకి చెక్కు ఎవరు తీస్తారు? అది మాగాయకి. కొట్టిన ముక్క కడిగితే వారానికే బూజు పడుతుంది. ఇది రాసిన మనిషి జన్మలో జాడీ ముట్టుకుందా?" అన్నారు. కాస్త ఆగి, "ఏడాదికి ఆరొందలు కట్టేది ఇందుకా?" అని కూడా అడిగారు.

ఆ మాటకి ఫోన్లో ఏమీ చెప్పలేకపోయాను. నాలుగు నెలలు ఆలస్యంగా ఇప్పుడు అందరికీ కలిపి చెబుతున్నాను.

ఆ వ్యాసం మనిషి రాసింది కాదు. పంపినావిడకి ఫోన్ చేస్తే, వాళ్లబ్బాయి ఏఐలో కొట్టించి ఇచ్చాడని ఒప్పుకున్నారు. కానీ తప్పు ఆవిడ ఒక్కరిదే అని నేను అనను. నెలకి ముప్పై వ్యాసాలు వేస్తామని చెప్పింది నేను. ఒక్కోదానికి 500 రూపాయలు పెట్టింది నేను. రాత్రి పదకొండు దాటాక, కళ్లు మూతలు పడుతుంటే, భాష ఎక్కడా తడబడలేదు కదా అని ఓకే చేసింది కూడా నేనే. తడబాటు లేకపోవడమే అసలు అనుమానించాల్సిన విషయమని అప్పుడు తట్టలేదు.

ఈ వ్యాపారం గుట్టుమట్లు నాకు తెలియనివి కావు. 2010లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఒక అమెరికా సైటుకి ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాసేవాణ్ని. అప్పట్లో ఇలాంటి సైట్లకి మంచి గిరాకీ. అసోసియేటెడ్ కంటెంట్ అని 2005లో మొదలైంది ఒకటి ఉండేది. గృహిణులు, రిటైరైన టీచర్లు, కాలేజీ కుర్రాళ్లు ఎవరైనా రాయొచ్చు. దాన్ని 2010లో యాహూ కొనేసింది, తర్వాత యాహూ వాయిసెస్ అని పేరు మార్చింది, 2014లో మూసేసింది. ఏ పని ఎలా చేయాలో చెప్పే ఈహౌ అనే సైటుని అప్పట్లో నడిపిన డిమాండ్ మీడియా కంపెనీ ఇంకో రకం. జనం గూగుల్‌లో ఏం వెతుకుతున్నారో చూసుకుని, ఆ మాటలకి తగ్గట్టు వ్యాసాలు రాయించేది. 2011 జనవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజీలోకి వెళ్లింది. సరిగ్గా నెల తిరక్కముందే, ఫిబ్రవరిలో, నాసిరకం వ్యాసాల్ని కిందికి నెట్టే పాండా మార్పు గూగుల్ తెచ్చింది. నేను రాసే సైటుకీ జనం రావడం పడిపోయింది. నెలకి వచ్చే నలభై యాభై డాలర్లు ఆరేడుకి దిగాయి. అదే నా మొదటి పాఠం అనుకుని మురిసిపోయాను. నేర్చుకున్నదేమీ లేదని తర్వాత తెలిసింది.

సైట్లలో ప్రకటనలు వేసి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగుకీ వచ్చాక ధైర్యం చేసి, 2019లో హనుమకొండలో ఒక గది అద్దెకి తీసుకుని మన సైటు మొదలుపెట్టాను. మొదట్లో ఎంతమంది చూస్తే అంత డబ్బు అని రచయితలతో ఒప్పందం. ఆరు నెలల్లో ప్రతి శీర్షికలోనూ "షాక్" వచ్చి కూర్చుంది. పశువుల డాక్టరుగా పని చేసి రిటైరైన పెద్దాయన, గేదెల గాలికుంటు మీద చక్కటి వ్యాసం రాసి, "ఈ లక్షణం కనిపిస్తే మీ పని అయిపోయినట్టే" అని పేరు పెట్టి పంపారు. ఆయన్ని అనడానికి నోరు రాలేదు. డబ్బు కొలత నేను పెట్టిందే కదా. అందుకే 2021లో చూపుల లెక్క తీసేసి మీ దగ్గర చందా, రచయితకి ఖాయమైన మొత్తం అనే పద్ధతికి వచ్చాం.

లెక్క దాచాల్సిన పని లేదు. ప్రస్తుతం చందాదారులు 412 మంది. తలకి 600 చొప్పున ఏడాదికి 2,47,200, అంటే నెలకి 20,600 రూపాయలు. ప్రకటనల మీద ఏడెనిమిది వేలు. వ్యాసాలకి 15,000, ప్రూఫులు దిద్దే అమ్మాయికి 6,000, అద్దె, కరెంటు, సర్వర్ ఖర్చులు పోతే నాకు మిగిలేది చెప్పుకునేంత కాదు. పగలు ట్యూషన్లు చెబుతాను కాబట్టి ఇల్లు నడుస్తోంది.

ఇక చెప్పడానికి సిగ్గేసే సంగతి. ఈ వేసవిలో చందాలు తిరిగి కట్టినవాళ్లు తగ్గారు. జూన్‌లో మా ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు మీద పడ్డాయి. రచయితలకి ఇవ్వాల్సిన డబ్బులోంచి తీసి కట్టాను. తొమ్మిది మందికి మే, జూన్, జూలై నెలల డబ్బు ఆగిపోయింది. ఒకావిడ రెండు నెలలు అడక్కుండా ఊరుకుని, చివరికి వాట్సాప్‌లో, "ఏమనుకోకండి, మిక్సీ జారు పగిలింది, ఆ డబ్బులొస్తే కొందామనుకున్నా" అని పెట్టారు. ఆ రోజు చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. పోయిన వారం స్కూటీ అమ్మి అందరికీ బాకీ తీర్చేశాను. ఎవరికైనా ఇంకా అందకపోతే నా లెక్కలో పొరపాటు. దయచేసి చెప్పండి.

ఇంకోటి ఉంది. మాలాంటి సైట్లకి రోజూ మెయిళ్లు వస్తాయి: మేమే రాసిన వ్యాసం వేయండి, అందులో మా లింకు ఉంచండి, ఎనిమిది వేలిస్తాం అని. బెట్టింగ్ వాళ్లకి ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ మే నెలలో ఇంటీరియర్స్ వాళ్లవి రెండు వేశాను. అవి డబ్బు తీసుకుని వేసినవని పైన ఎక్కడా రాయలేదు. మీరు మామూలు వ్యాసాలనుకునే చదివి ఉంటారు. రెండూ తీసేశాను. ఇకముందు అలాంటిది వేస్తే మొదటి లైన్లోనే "ప్రకటన" అని ఉంటుంది.

ఆగస్టు నుంచి నెలకి పన్నెండు వ్యాసాలే. ఒక్కోదానికి 1,200 రూపాయలు. మొత్తం ఖర్చు దాదాపు అంతే, 14,400. చందా పెంచడం లేదు. అయితే అదే ఆరొందలకి మీకు వచ్చే వ్యాసాలు సగానికన్నా తగ్గుతున్నాయి, ఆ మాట తిప్పి చెప్పను. వద్దనుకునేవాళ్లు ఒక్క మెసేజ్ పెడితే మిగిలిన నెలల డబ్బు యూపీఐలో వెనక్కి వేస్తాను.

ఏఐ రాసిందో కాదో చెప్పే టూల్స్ రెండు మూడు చూశాను. మా అమ్మ చేత్తో రాసిన ఉత్తరం టైప్ చేసి పెడితే మెషిన్ రాసిందన్నాయి. వాటిని వదిలేశాను. ఇప్పుడు కొత్త వ్యాసం ఏదొచ్చినా రచయితకి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడుతున్నాను. టైపింగ్ రానివాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టినా, కాగితం ఫోటో తీసి పంపినా పర్లేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒకాయన అలాగే పదకొండు పేజీలు పంపారు, టికెట్ మెషిన్లు రాకముందు రాత్రి సర్వీసుల గురించి. బస్సు కుదుపుల్లో, టార్చి లైటు చంకలో ఇరికించుకుని, స్టేజీ స్టేజీకీ టికెట్ నంబర్లు ఎలా రాసుకునేవారో ఫోన్లో చెబుతుంటే నలభై నిమిషాలు గడిచిపోయాయి. ఈ నెల మొదటి వ్యాసం అదే.

ఆవకాయ వ్యాసం సైటులో లేదు. కొత్తది భీమవరం ఆవిడే రాస్తున్నారు. కొలతలు సోలల్లో, గిద్దల్లోనే ఉంటాయి, గ్రాముల్లోకి మార్చితే ఊరుకోనన్నారు. సరేనన్నాను.