వార్షిక నివేదిక: స్టూడ్‌బేకర్ ఊళ్లో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది నుంచి ఉగాది దాకా అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ తెలుగు సంఘం ఏం చేసిందో కార్యదర్శి రాసి పంపడం మన ఆనవాయితీ. బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గులు, పిల్లల తెలుగు బడి, అన్నీ ఎప్పటిలాగే బాగా జరిగాయి, ఫోటోలు మీ దగ్గరే ఉన్నాయి, జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపారు. అందుకని ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒకప్పుడు మన ఊళ్లో కార్లు చేసిన స్టూడ్‌బేకర్ కంపెనీకే ఇస్తున్నాను. ఈ ఏడాది మనం కొత్తగా చేసిన పని అదొక్కటే, నా వరకు ఇన్నేళ్లలో మనం చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది కూడా అదే.

ఇది మొదలైంది పోయిన ఉగాది సర్వసభ్య సమావేశంలో. ఏడో తరగతి చదివే ఒక పాప లేచి, ఊరి మధ్య నుంచి దక్షిణానికి వెళ్తుంటే రైలు పట్టాల పక్కన ఆ పెద్ద పెద్ద ఇటుక భవనాలు ఎవరివి అని అడిగింది. హాల్లో సౌత్ బెండ్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్న వాళ్లం కూడా ఉన్నాం. "ఏదో పాత కార్ల ఫ్యాక్టరీ అట" అనడం తప్ప ఒక్కరమూ సరిగ్గా చెప్పలేకపోయాం. ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాం, పిల్లల్ని బడికి పంపుతున్నాం, మంచు ఎత్తుకుంటున్నాం, కానీ ఈ ఊరు దేని మీద పుట్టి పెరిగిందో మనకు తెలియదు. ఆ రోజే కమిటీలో అనుకున్నాం, ఈ ఏడాది మూడు కార్యక్రమాలైనా దీని మీద పెట్టాలని.

మొదటిది జూన్‌లో, స్టూడ్‌బేకర్ నేషనల్ మ్యూజియం చూడటం. టిక్కెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కున్నారు, సంఘం తరఫున పులిహోర, పెరుగన్నం పెట్టాం. లోపలికి వెళ్లిన పిల్లలు కార్ల వైపు పరిగెత్తారు కానీ పెద్దవాళ్లం మాత్రం గుర్రబ్బళ్ల దగ్గరే ఆగిపోయాం. అబ్రహం లింకన్ తుపాకీ గుండుకు బలైన రాత్రి నాటకశాలకు వెళ్లింది ఏ బగ్గీలోనో ఆ బగ్గీ ఇక్కడ, మన ఇళ్లకు పది నిమిషాల దూరంలో ఉంది. నాకైతే ఒళ్లు జలదరించింది.

ఈ కంపెనీ మొదలైందే బళ్లతో. 1852 ఫిబ్రవరిలో హెన్రీ, క్లెమెంట్ అనే అన్నదమ్ములు ఇక్కడ కమ్మరి కొట్టు పెట్టారు, చేతిలో 68 డాలర్లు, రెండు జతల పనిముట్లు, అంతే. వాళ్ల తమ్ముడు జాన్ మోలర్ బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్లాడు. ప్లాసర్‌విల్ చేరాక అతనికి గనుల్లో వాడే ఒంటిచక్రం తోపుడుబళ్లు చేసే పని దొరికింది, బంగారం జోలికి పోకుండా ఐదేళ్లు ఆ బళ్లే చేసి 8,000 డాలర్లు కూడబెట్టి 1858లో తిరిగొచ్చి హెన్రీ వాటా కొన్నాడు. తర్వాత పీటర్, జేకబ్ కూడా చేరారు. అన్న ముందు వచ్చి తమ్ముళ్లను లాక్కోవడం మనకు కొత్త కాదు కదా, మనలో సగం మంది ఇక్కడికి అలాగే వచ్చాం. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి బళ్లు కట్టి ఇచ్చారు, ఆ శతాబ్దం ముగిసేలోపు ప్రపంచంలో బళ్లు తయారుచేసే కంపెనీల్లో వీళ్లదే అతి పెద్దది.

కారు వచ్చాక చాలా బళ్ల కంపెనీలు మూతపడ్డాయి, వీళ్లు మారారు. 1902లో చేసిన మొదటి మోటారు కారు కరెంటుతో నడిచేది, థామస్ ఎడిసన్ కూడా ఒకటి కొన్నాడు. మనలో ఇప్పుడు కరెంటు కార్లు నడుపుతున్న వాళ్లు ఈ సంగతి విని నమ్మలేదు. 1904 నుంచి పెట్రోలు కార్లు, 1911లో స్టూడ్‌బేకర్ కార్పొరేషన్, 1920లో గుర్రబ్బళ్లకు పూర్తిగా సెలవు.

మనతో పాటు మ్యూజియానికి విజయవాడ నుంచి వచ్చిన ఒక సభ్యురాలి నాన్నగారు కూడా వచ్చారు. 1950 నాటి కారు, విమానం ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన మూతి ఉన్నది, దాని ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. చిన్నప్పుడు తమ వీధిలో ఒక ప్లీడరు గారికి స్టూడ్‌బేకర్ ఉండేదని, అది బయటికి తీస్తే పిల్లలంతా వెంట పరిగెత్తేవారని చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ ఈ కార్లను బిగించి అమ్మేది, అంబాసిడర్ అప్పటికింకా రాలేదు. ఆ కాలపు స్టూడ్‌బేకర్లలో ఒక రకానికి వెనక అద్దం పక్కలకు కూడా చుట్టుకుని ఉంటుంది, దాన్ని చూసి అమెరికా వాళ్లు "ఇది వస్తోందా, పోతోందా" అని ఆటపట్టించేవారట. ఆ డిజైన్ల వెనక ఉన్నది డిజైనర్ రేమండ్ లోయీ బృందం. నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు కానీ 1953 నాటి కూపేని, అంటే రెండు తలుపుల కారుని, చూశాక ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఇప్పటికీ రోడ్డు మీదకి వస్తే జనం తల తిప్పి చూస్తారు.

రెండో కార్యక్రమం సెప్టెంబరులో వనభోజనాలు. కార్తీకం దాకా ఆగితే ఇక్కడ చలికి అన్నం గడ్డకడుతుంది కాబట్టి ముందే పెట్టుకున్నాం. ఉసిరిచెట్టు ఎలాగూ దొరకదు, పైన్ చెట్ల కింద కూర్చున్నాం. న్యూ కార్లైల్ దగ్గర బెండిక్స్ వుడ్స్ పార్కు ఒకప్పుడు స్టూడ్‌బేకర్ వాళ్లు కార్లను పరీక్షించిన స్థలం. 1937 ప్రాంతంలో అక్కడ వేల పైన్ మొక్కల్ని కంపెనీ పేరులోని ఇంగ్లీషు అక్షరాల ఆకారంలో నాటారు, మొత్తం పేరు అర మైలు పొడవు ఉంటుంది. కింద నిలబడితే మామూలు అడవే, పైనుంచి తీసిన ఫోటోలో చూస్తే పేరు కనిపిస్తుంది. పిల్లలు ఫోన్లో మ్యాపు తెరిచి, తాము ఏ అక్షరంలో కూర్చుని గుత్తివంకాయ తింటున్నారో వెతుక్కున్నారు. వచ్చే ఏడాది కూడా అక్కడే పెట్టమని అప్పుడే గొడవ చేశారు, పెడతాం.

మూడోది డిసెంబరులో పెట్టాల్సిన సభ. స్టూడ్‌బేకర్ ఫ్యాక్టరీ మూసివేత ప్రకటించిన డిసెంబరు 9కే పెట్టాలనుకున్నాం, కానీ మిచిగన్ సరస్సు మీదుగా వచ్చిన మంచు రోడ్లు మూసేసింది, టెన్షన్ పడి వాయిదా వేశాం, జనవరి మూడో శనివారం గ్రంథాలయంలో గది తీసుకుని జరిపాం. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, వాళ్ల నాన్న ఆ కంపెనీలో ఇనుము పోతపోసే విభాగంలో పనిచేశారు, ఆ రోజు వచ్చి నాన్న గారి గుర్తింపు బిళ్ల, అన్నం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. వాళ్ల తాత కూడా అక్కడే పనిచేశారట. తండ్రీకొడుకులు ఒకే చోట పనిచేయడాన్ని కంపెనీ తన ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేదని మనం మ్యూజియంలో చదివాం, ఆ డబ్బా చూసినప్పుడు ఆ మాటకు అర్థం తెలిసింది.

ఇంత పెద్ద కంపెనీ ఎలా పోయిందన్నదే ఆ సభలో మాట్లాడుకున్నాం. ఒక్కసారిగా పోలేదు. మొదటి దెబ్బ 1933లో. కంపెనీ అధ్యక్షుడు ఆల్బర్ట్ ఎర్‌స్కిన్ ఆర్థిక మాంద్యం త్వరగా పోతుందని నమ్మి, లాభాలు లేకపోయినా వాటాదారులకు డివిడెండ్లు పంచుతూ పోయాడు. మన ఊరి నోటర్ డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ న్యూట్ రాక్‌నీ పేరు మీద చవక కారు తెచ్చినా గట్టెక్కలేదు. 1933 మార్చిలో కంపెనీ దివాలా తీసి కోర్టు అజమాయిషీలోకి వెళ్లింది, జులై 1న ఎర్‌స్కిన్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత హెరాల్డ్ వాన్స్, పాల్ హాఫ్‌మన్ అనే ఇద్దరు దాన్ని మళ్లీ నిలబెట్టారు, 1939లో వచ్చిన ఛాంపియన్ కారు బాగా అమ్ముడైంది, రెండో ప్రపంచ యుద్ధంలో చేసిన దాదాపు రెండు లక్షల లారీల్లో చాలా భాగం సోవియట్ యూనియన్‌కి వెళ్లాయి. కత్యూషా రాకెట్లను సోవియట్ ఎర్ర సైన్యం వీటి మీద కూడా ఎక్కించింది.

1950లో మూడు లక్షలకు పైగా కార్లు చేసిన కంపెనీ పదమూడేళ్లలో ఎందుకు మూతపడిందో చెప్పమంటే ఒక్క కారణం చూపించలేం. వస్తున్న డబ్బును కొత్త ఫ్యాక్టరీ మీద పెట్టకుండా డివిడెండ్లుగా పంచడం ఈసారి కూడా జరిగింది. ఫ్యాక్టరీ పాతది, కార్ల భాగాలు ఒక భవనం నుంచి ఇంకో భవనానికి, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు తిరగాలి. జీతాలు డెట్రాయిట్ కార్ల కంపెనీల కంటే ఎక్కువ. 1953లో ఆ అందమైన కూపేని జనం ఎగబడి అడిగారు, వీళ్లు మాత్రం నాలుగు తలుపుల సెడాన్లు ఎక్కువ చేయడానికి సిద్ధపడి ఉన్నారు. అదే సమయంలో ఫోర్డ్, షెవ్రొలే ధరలు తగ్గించుకుంటూ పోటీ పడ్డాయి, ఆంబోతుల కొట్లాటలో లేగదూడలు నలిగినట్టు చిన్న కంపెనీలన్నీ నలిగిపోయాయి. 1954లో ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీతో కలిశారు, లెక్కలు సరిగ్గా చూసుకోకుండానే. కలిశాక తేలిందేమిటంటే నష్టం లేకుండా నడవాలంటే ఏడాదికి 2,82,000 కార్లు అమ్మాలి, 1954లో అమ్మింది 82,000 దగ్గరే ఆగింది. ఆ ఏడాదే కార్మికులు ఓటు వేసి మరీ జీతాలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. కార్మికులు పట్టు విడవకపోవడం వల్లే కంపెనీ మునిగిందని ఎవరైనా అంటే, దయచేసి ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

1959లో లార్క్ అనే చిన్న కారు కాస్త ఊపిరి పోసింది. 1962లో ఫైబర్‌గ్లాస్ ఒంటితో అవాంతి అనే కారు వచ్చింది, బోనవిల్ ఉప్పు మైదానంలో 29 వేగం రికార్డులు కొట్టింది, కానీ ఆ ఫైబర్‌గ్లాస్ భాగాలే సరిగ్గా అతకక కార్లు కొనేవాళ్లకు అందడం ఆలస్యమైంది. 1963 డిసెంబరు 9న సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటించారు, 20న చివరి కారు బయటికి వచ్చింది. క్రిస్మస్‌కి ఐదు రోజుల ముందు. ఆ చివరి కారు కూడా మ్యూజియంలోనే ఉంది. కెనడాలోని హామిల్టన్‌లో ఇంకో రెండేళ్లు నడిపి 1966 మార్చిలో అదీ ఆపేశారు. 1960లో 1,32,000 జనం ఉన్న మన ఊళ్లో 2020 లెక్కల్లో ఉన్నది 1,03,000.

సభ ఇక్కడితో ముగిసేది, కానీ హెచ్.ఆర్. ఉద్యోగం చేసే మన సభ్యురాలు ఒకరు లేచి, అసలు సంగతి మీరింకా చెప్పలేదు అన్నారు. ఆవిడ చెప్పింది విన్నాక గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. 1964లో కార్మికుల పెన్షన్ పథకం లెక్క తేల్చేసరికి నిధిలో సరిపడా డబ్బు లేదు. అప్పటికే రిటైరైన వాళ్లకు, అరవై దాటిన వాళ్లకు పూర్తిగా ఇచ్చారు. నలభైకి అరవైకి మధ్య ఉన్న నాలుగు వేల మందికి పైగా కార్మికులకు రావలసిన దాంట్లో డాలరుకు 15 సెంట్ల చొప్పున ముట్టింది. వాళ్ల సగటు వయసు 52, సగటు సర్వీసు దాదాపు 23 ఏళ్లు. ఇంకా చిన్నవాళ్లకు ఏమీ రాలేదు. అప్పటి చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు, అదే అన్నిటికన్నా బాధ. ఇండియానా సెనేటర్ వాన్స్ హార్ట్‌కీ పెన్షన్లకు బీమా ఉండాలని అప్పుడే బిల్లు పెట్టారు, ఆ వాదన పదేళ్లు నడిచి 1974 సెప్టెంబరు 2న, కార్మిక దినోత్సవం నాడు, అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఉద్యోగుల పెన్షన్లను కాపాడే ఎరిసా (ERISA) చట్టం మీద సంతకం పెట్టారు.

మనందరి 401(కె) ఖాతాలు, అంటే ఉద్యోగం ద్వారా రిటైర్మెంటు కోసం దాచుకునే ఖాతాలు, నడిచేది ఈ చట్టం కిందే. మన డబ్బు కంపెనీ డబ్బులో కలవకుండా విడిగా ట్రస్టులో ఉండాలన్నా, ఇన్నేళ్లు పనిచేస్తే కంపెనీ వేసిన వాటా మనదైపోతుందన్నా, పథకం వివరాలు మనకు అర్థమయ్యే భాషలో కాగితం మీద ఇవ్వాలన్నా అంతా దీని వల్లే. ఒక విషయం మాత్రం సభ్యులు గుర్తుపెట్టుకోవాలి, ఆ చట్టం కింద పుట్టిన ప్రభుత్వ బీమా పాతకాలపు పెన్షన్లకే, 401(కె)కి అది వర్తించదు. ఏటా మనకు వచ్చే ఆ కాగితాలను నేను ఇన్నాళ్లూ చదవకుండా సొరుగులో పడేసేవాణ్ని. ఈ ఊరి కమ్మరులు, పోతపనివాళ్లు పోగొట్టుకున్న దాని మీద నిలబడింది ఆ కాగితం. ఫిబ్రవరిలో ఆవిడే రెండు గంటలు కూర్చుని, ఎవరి కాగితాలు వాళ్లు తెచ్చుకుంటే ఎలా చదవాలో చూపించారు. గది సరిపోలేదు, మళ్లీ పెట్టమని అడిగారు కాబట్టి మే నెలలో ఇంకోసారి ఉంటుంది.

ఇక మిగతావి. తెలుగు బడికి ఇద్దరు కొత్త టీచర్లు వచ్చారు, ఇంకొకరు కావాలి. బతుకమ్మకి పూలు ఇచ్చిన ఇళ్ల వాళ్లకు, వంటల్లో నడుం విరిగేలా పనిచేసిన అక్కలకు, పిన్నిగార్లకు, మంచులో కుర్చీలు మోసిన కుర్రాళ్లకు కమిటీ తరఫున కృతజ్ఞతలు. దీపావళికి హాలు చిన్నదైపోయింది, ఈసారి పెద్దది ముందే బుక్ చేస్తాం.

వచ్చే ఏడాదికి కమిటీ ఒక ప్రతిపాదన పెడుతోంది. స్టూడ్‌బేకర్‌లో పనిచేసిన వాళ్లు, వాళ్ల పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు, అందరూ పెద్దవాళ్లైపోయారు. తెలుగు బడిలో పెద్ద తరగతి పిల్లలు ఇద్దరేసి చొప్పున వాళ్ల దగ్గరికి వెళ్లి, ముందే అనుమతి అడిగి, వాళ్లు చెప్పింది ఇంగ్లీషులో రికార్డు చేసి, తెలుగులో రాసి పెట్టాలని ఆలోచన. మీ పక్కింట్లో అలాంటి వాళ్లుంటే ముందు వెళ్లి పలకరించండి, వాళ్లు సరేనంటేనే కమిటీకి చెప్పండి. ఆ మొదటి ప్రశ్న అడిగిన పాప తన పేరు అప్పుడే రాయించుకుంది, మా వీధి పెద్దాయన దగ్గరికి తానే వెళ్తానంది.

ఇట్లు,
మీ కార్యదర్శి