గల్ఫ్ సేవ నుంచి తిరిగొచ్చిన పాస్టర్ల సంగతి ఎవరు చూడాలి?

సంపాదకుల వారికి వందనాలు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చే కూలీల కష్టాల గురించి మన పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది, రావాలి కూడా. కానీ ఆ కూలీల మధ్యే ఉండి, వాళ్ల కోసమే ఏళ్ల తరబడి కువైట్, బహ్రెయిన్, మస్కట్ తిరిగి సేవ చేసి ఇంటికొచ్చే పాస్టర్ల గురించి, వాళ్ల భార్యాపిల్లల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనబడదు. మా ఆయన పాస్టరు. మాది గోదావరి జిల్లా. పోయిన ఏడాది అక్కడి సేవ ముగించుకుని పూర్తిగా వచ్చేశాం. నేను చూసిందీ, మేం పడుతున్నదీ రాస్తున్నాను.

అక్కడ సేవంటే ఏమిటో తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది. అమెరికా మిషనరీల కాలంలో, 1931లో కట్టిన గుడి అది. ఇప్పుడు ఆ ఒక్క ఆవరణలోనే అరబిక్, ఇంగ్లిష్, మలయాళం, తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషలవాళ్లు గంటలు పంచుకుని ఆరాధన చేసుకుంటారు. మన టైం అవగానే కుర్చీలు సర్దేసి బయటికి రావాలి, తర్వాతి భాషవాళ్లు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. శుక్రవారం సెలవు కాబట్టి మనవాళ్లకు శుక్రవారమే ఆరాధన. ఇదంతా సెలవు దొరికేవాళ్ల మాట. కడప, రాయచోటి, రాజంపేట నుంచీ మా కోనసీమ వైపు నుంచీ ఖద్దామా వీసా మీద ఇళ్లల్లో పనికి వెళ్లిన అక్కచెల్లెళ్లలో చాలామందికి ఆ శుక్రవారం కూడా ఉండదు. వాళ్లు రాత్రి గిన్నెలన్నీ కడిగేశాక వంటగదిలో కూర్చుని గొంతు తగ్గించి ఫోన్ చేస్తారు. జీతం ఆపేశారని, మేడం కొట్టిందని, ఊళ్లో అమ్మ చనిపోయినా పంపడం లేదని, కూతురికి సంబంధం కుదిరింది ప్రార్థన చేయండి అమ్మా అని. ఆ ఫోన్లు ఎత్తడమే అక్కడ సగం పరిచర్య. మిగతా సగం ఎంబసీ చుట్టూ తిరగడం, చనిపోయినవాళ్ల శవాన్ని ఊరికి పంపడానికి కాగితాలు చేయించడం, టికెట్టుకు తలా కొంత పోగుచేయడం. 2020లో కరోనాతో చర్చిలు మూసేశారు, ఆ ఏప్రిల్‌లోనే వీసా గడువు దాటినవాళ్లకు కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది. అప్పుడు మా ఇంట్లో ఫోన్ మోగని గంట లేదు.

అలాంటి చోటి నుంచి వచ్చినప్పుడు ఊళ్లో ఏం జరిగిందంటే, ఎయిర్‌పోర్టులో దండలు వేశారు, మొదటి ఆదివారం సాక్ష్యం, అంటే అక్కడ దేవుడు ఏం చేశాడో, చెప్పించారు, అందరం కలిసి భోజనం చేశాం. వాళ్ల ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కానీ రెండో ఆదివారం నుంచి మేం ఎవరమో ఎవరికీ తెలియనట్టు అయిపోయింది. మా ఆయన లేనప్పుడు సంఘాన్ని చూసుకోవడానికి పెట్టిన తమ్ముడు బాగానే చేస్తున్నాడు, ఆ తమ్ముణ్ణి కదిలించమని మేం అడగం, అడగకూడదు కూడా. మరి ఈయన ఎక్కడ నిలబడాలి? పెద్దలు ఎప్పుడూ దాని గురించి కూర్చోలేదు. మమ్మల్ని అడిగినవి రెండే ప్రశ్నలు, ఎంతమంది రక్షణ పొందారు, ఎంత వెనకేశారు. మొదటిదానికి లెక్క రాసుకుని తిరగం. రెండోదానికి జవాబు చెబితే నమ్మరు, కువైట్ నుంచి వచ్చినవాళ్లకు డబ్బులేకపోవడం ఏమిటంటారు. అక్కడ పాస్టరుకు వచ్చేది ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లూ, డ్రైవర్లూ, కట్టడం కూలీలూ ఇచ్చే కానుక. వాళ్లింట్లో సమస్య వస్తే ఆ కానుక మళ్లీ వాళ్లకే వెళ్లిపోతుంది.

పిల్లల సంగతి ఇంకా కష్టం. అక్కడ సీబీఎస్‌ఈ స్కూల్లో చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం తడబడతారు. మా చిన్నది ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్లాలంటే, ఇవాళ స్కూల్ డే కదమ్మా అని అడుగుతుంది. సొంత ఊరే వాళ్లకు పరాయి దేశం. ఆయనకేమో నిద్ర పట్టదు. రాత్రి పదకొండు దాటితే చేయి ఫోన్ మీదకే వెళుతుంది, ఎందుకంటే కువైట్‌లో అప్పటికి ఇంకా ఎనిమిదిన్నరే. డాక్టరు గారు విశ్రాంతి తీసుకోమన్నారు. సేవకుడు అలసిపోయానని బయటికి చెబితే విశ్వాసం తగ్గిందంటారేమో అని ఆయన ఎవరితోనూ అనడు. నాకు దీని మీదే ఎక్కువ బాధ.

మన సంఘాల్లో మిషనరీ ఆదివారం వస్తే సర్వలోకానికి వెళ్లి సువార్త ప్రకటించమన్న మాట మీదే ప్రసంగం. మంచిదే. అదే బైబిల్లో అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చివర చూడండి, పౌలు, బర్నబా తమను పంపిన అంతియొకయకే తిరిగొచ్చి, సంఘాన్ని సమకూర్చి జరిగిందంతా చెప్పి, ఆ తర్వాత శిష్యుల దగ్గరే చాలా కాలం ఉండిపోయారు. పరిచర్యకు వెళ్లి తిరిగొచ్చిన శిష్యులను యేసు ప్రభువు మొట్టమొదట పిలిచింది ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమనే. ఈ వచనాల మీద ఎంతమంది ప్రసంగం విన్నారు?

మనకు సువార్త తెచ్చిన దొరల కథ కూడా చూడండి. నెల్లూరులో ఆరోగ్యం పాడైపోయి లైమన్ జూవెట్ గారు 1862లో అమెరికా వెళ్లారు. అక్కడ వాళ్లను పంపిన మిషన్ బోర్డు ఈ తెలుగు మిషన్ మూసేద్దామని అనుకుంటోంది. ఆయన ఒప్పుకోలేదు, మీరు పంపకపోతే నేనే వెళ్లి తెలుగువాళ్ల మధ్య చనిపోతానన్నారు. ఇంటి దగ్గర కోలుకుని 1865లో జాన్ క్లౌ గారిని వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. ఆ క్లౌ దొర ఒంగోలులో నిలబడ్డారు కాబట్టే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జూవెట్ గారికి ఆ విశ్రాంతి దొరక్కపోతే ఏమయ్యేదో! కొన్నేళ్లు సేవ చేశాక ఇంటికొచ్చి ఉండే ఫర్లో ఏర్పాటు వాళ్ల మిషన్లకు ఉండేది. మనవాళ్లూ పంపడం కొత్తేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల దగ్గరికి పంపారు. పంపడం మొదలై 120 ఏళ్లు దాటింది. తిరిగొచ్చినవాళ్లకు ఏం చేయాలన్న నియమం మాత్రం చాలా స్వతంత్ర సంఘాల్లో ఈనాటికీ లేదు.

కోట్లు అడగడం లేదండి. పంపేటప్పుడే, మినిట్స్ బుక్కులో రాసి పంపండి, తిరిగొచ్చాక మొదటి ఆరు నెలలు ఇంటద్దె, పిల్లల ఫీజు సంఘం చూసుకుంటుందని, ఆ ఆరు నెలలూ వాళ్లమీద ఏ సభల భారమూ పెట్టబోమని. ఇన్సూరెన్స్ విషయం ఇంకా ముఖ్యం. షుగరు, బీపీ ముందునుంచీ ఉన్నవాళ్లు కొత్తగా హెల్త్ పాలసీ తీసుకుంటే ఆ జబ్బులకు 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, అదే అక్కడ ఉండగానే ఇక్కడి పాలసీ మొదలుపెడితే ఆ గడువు అక్కడే గడిచిపోతుంది. ఎన్‌పీఎస్ పెన్షన్ ఖాతా విదేశాల్లో ఉన్న మన పౌరులు కూడా తెరవొచ్చు, సంఘం నెలకు వెయ్యి రూపాయలు కట్టినా ముసలితనానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంకొకటి, వచ్చినవాళ్లను ఒక పెద్దాయనా ఆయన భార్యా వారం వారం ఇంటికెళ్లి కూర్చుని వినాలి. సాక్ష్యం కోసం కాదు, వినడానికి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇలాంటి ఏర్పాటు ఇప్పటికే పెట్టుకున్న సంఘాలు, మిషన్ బోర్డులు మన రెండు రాష్ట్రాల్లో ఉంటే, అది ఎలా నడుస్తోందో ఇదే శీర్షికకు రాయమని కోరుతున్నాను. వచ్చే నెల మా సంఘ కమిటీ కూర్చుంటుంది, వాళ్ల ముందు పెట్టడానికి మాకొక నమూనా కావాలి.

— గల్ఫ్ సేవ నుంచి తిరిగొచ్చిన ఒక పాస్టరమ్మ, రాజమహేంద్రవరం