ఎక్కేవాళ్ళు లేక కాదు, బస్సు లేక

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికాలో బస్సులు ఎందుకు తక్కువని ఎవరినడిగినా ఒకటే జవాబు, అక్కడ ఇంటికి రెండు కార్లుంటాయి, ఇంక బస్సెవరెక్కుతారు అని. నేనూ మొన్నటిదాకా అదే నమ్మాను. ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి 33 ఏళ్ళు పనిచేసి కంట్రోలర్‌గా రిటైరయ్యాను. 2025 జూన్‌లో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌కి అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆరు నెలలుండి డిసెంబరులో తిరిగొచ్చాం. అక్కడ చూసిందీ, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను. ఎందుకంటే మీ పేపరు చదివే ఇళ్ళలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు, వాళ్ళలో ఓటు హక్కు వచ్చినవాళ్ళూ తక్కువేం కాదు.

అమ్మాయి వాళ్ళు ఉండేది డాలస్‌కి ఉత్తరాన ఒక ఊళ్ళో. ఇల్లు బాగుంది, వీధి శుభ్రంగా ఉంది, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కానీ అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళాక మా ఆవిడా నేనూ సాయంత్రం దాకా ఆ నాలుగు గోడల మధ్యే. కూరగాయలు దొరికే కొట్టు మూడు మైళ్ళ దూరం, మధ్యలో ఆరు వరసల రోడ్డు, సగం దూరం పోయాక ఫుట్‌పాత్ కూడా ఉండదు, పైగా జూలై ఎండ. మా ఆవిడకి కంటి డాక్టరు అపాయింట్‌మెంట్ ఉన్న రోజు అమ్మాయి సగం రోజు సెలవు పెట్టాల్సి వచ్చింది. కన్నకూతురి దగ్గర కూడా అంత మొహమాటం పడతామని ఎప్పుడూ అనుకోలేదు. సాయంత్రం పార్కులో గుంటూరు, వరంగల్, అనంతపురం నుంచి వచ్చిన తల్లిదండ్రులు కలిసేవాళ్ళు, అందరి మాటా అదే, శనివారం వస్తే గానీ గుమ్మం దాటే వీలు లేదని.

మరి వీళ్ళంతా ఎక్కేవాళ్ళు కాదా? బడి అయిపోయాక ఎవరో ఒకరు కారు తెస్తే గానీ ఎక్కడికీ పోలేని పిల్లలు? షాపుల్లో, గోడౌన్లలో షిఫ్టులు చేసేవాళ్ళు? రూటు పెట్టేముందు మేం వెళ్ళి సర్వే చేసేవాళ్ళం, ఏ ఊళ్ళో ఎంతమంది, ఏ టైముకి ఎటు పోతారు అని, అంతే తప్ప రోడ్డు మీద నిలబడినవాళ్ళు లేరు కాబట్టి బస్సు అక్కర్లేదని ఏనాడూ రాయలేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం ఇచ్చినప్పుడు బస్సులు ఎలా నిండాయో అందరం చూశాం కదా. ప్రయాణం చేయాల్సినవాళ్ళు అంతకుముందూ ఉన్నారు, కనిపించలేదు, అంతే.

అసలు సంగతి డబ్బు ఏ ఖాతాలోకి పోతుందన్నది. టెక్సాస్‌లో అమ్మకం పన్ను డాలరుకి 8.25 సెంట్లు దాటకూడదు. అందులో 6.25 రాష్ట్రానివి, మిగిలిన రెండు సెంట్లే స్థానికంగా వాడుకోవాలి. ఒక సెంటు ఊరి ఖర్చులకి పోతుంది, రెండోదాన్ని ఏం చేయాలన్నది ఊరి ఇష్టం. డాలస్, ప్లేనో, ఇర్వింగ్, రిచర్డ్‌సన్ లాంటి 13 ఊళ్ళు ఆ సెంటుని డార్ట్ అనే రవాణా సంస్థకి ఇస్తాయి, 1983లో జనం ఓటు వేసి పెట్టుకున్న సంస్థ అది. మన తెలుగువాళ్ళు బాగా స్థిరపడ్డ ఫ్రిస్కో ఆ సెంటుని చెరి సగం చేసి కంపెనీలను రప్పించడానికి, పార్కులకి, స్టేడియాలకి వాడుతుంది. ఊరు పెరిగింది, కాదనను. కానీ ఇప్పుడు బస్సు కావాలన్నా పరిమితి దాటలేరు, ఒక ఖాతాలోంచి తీస్తే గానీ ఇంకో ఖాతాలో వేయలేరు. పక్కనే ఆర్లింగ్టన్‌లో దాదాపు 4 లక్షల జనాభా, 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్‌లు అక్కడే, అయినా టైము ప్రకారం తిరిగే బస్సు ఒక్కటి లేదు, యాప్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లే, అవీ 2017 చివర్లో మొదలయ్యాయి.

పోనీ పెట్రోలు మీద పన్ను? రాష్ట్రానికి వచ్చేదాంట్లో పావు వంతు బడులకి, ముప్పావు వంతు రోడ్లకే అని టెక్సాస్ రాజ్యాంగంలోనే రాసుకున్నారు, బస్సుకి పైసా రాదు. కేంద్రం గ్యాలనుకి 18.4 సెంట్లు తీసుకుంటుంది, 1993 నుంచి ఆ రేటు మారలేదు, అందులో ప్రజా రవాణాకి వచ్చేది 2.86 సెంట్లు. ఆ డబ్బు కూడా పెద్ద నగరాలకి బస్సులు కొనడానికి, పట్టాలు వేయడానికే, డ్రైవరు జీతానికీ డీజిలుకీ మామూలుగా 1998 నుంచి ఇవ్వడం లేదు. బస్సు కొనిచ్చి నడపడానికి డబ్బివ్వకపోతే డిపోలో ఏమవుతుందో మా వాళ్ళెవరినడిగినా చెబుతారు.

నేను అక్కడుండగానే ఆగస్టు 24న ఫిలడెల్ఫియాలో 32 బస్సు రూట్లు ఆపేశారు. కరోనా అప్పుడు కేంద్రం ఇచ్చిన సాయం అయిపోయింది, ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో బడ్జెట్ తెగలేదు. మూడు వారాలకి మళ్ళీ నడిపారు కానీ ఎలా? బాగుచేతలకీ కొత్త బండ్లకీ పెట్టుకున్న డబ్బులోంచి రెండేళ్ళకి 39.4 కోట్ల డాలర్ల దాకా నడిపే ఖర్చుకి వాడుకోమన్నారు. రేపు బ్రేక్‌డౌన్ అయ్యే బండి డబ్బుతో ఇవాళ డీజిల్ పోయించడం అది. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మంచి కూడా చూశాను. అక్టోబరు 25న డార్ట్ వాళ్ళు సిల్వర్ లైన్ అనే రైలు మొదలుపెట్టారు, ప్లేనో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు దాకా 26 మైళ్ళు. మధ్యలో యూటీ డాలస్ యూనివర్సిటీ దగ్గర స్టేషన్ ఉంది. అక్కడ పెట్టె నిండా మన పిల్లలే, ఖమ్మం అబ్బాయి ఒకడు నన్ను చూసి లేచి సీటిచ్చాడు. కారు లేక గదిలోనే ఉండిపోయేవాడినని, ఇప్పుడు ఎయిర్‌పోర్టుకి ఎవరినీ బతిమాలక్కర్లేదని చెబుతుంటే వాడి మొహం చూడాలి. అన్నాళ్ళకి ఆవిడా నేనూ ఎవరి సాయమూ లేకుండా ఓ చోటికి వెళ్ళి రాగలిగిన రోజది (స్టేషన్ దాకా మాత్రం అల్లుడే దింపాడు).

రైలు వచ్చి పట్టుమని నెల కాకముందే, నవంబరులో ప్లేనో, ఇర్వింగ్, ఫార్మర్స్ బ్రాంచ్, హైలాండ్ పార్క్ కౌన్సిళ్ళు డార్ట్‌లోంచి బయటికి పోవాలా వద్దా తేల్చడానికి 2026 మేలో ఓటింగ్ పెట్టాలని తీర్మానించాయి. ప్లేనో బాధలో నిజముంది. 2023 లెక్కల్లో ఆ ఊరు సుమారు 11 కోట్ల డాలర్లు కడితే డార్ట్ దానిమీద పెట్టిన ఖర్చు నాలుగున్నర కోట్ల లోపే. బస్సులు ఇంకా ఎక్కువ తిప్పమని గట్టిగా అడగాలి, నేనైనా అడుగుతాను. కానీ ఎవరి రూపాయి వాళ్ళకే కావాలంటే ఊళ్ళ మధ్య బస్సు నడవదు. హైదరాబాద్ సర్వీసులో వచ్చిన డబ్బుతోనే మా తండాలకి పల్లెవెలుగు తిప్పాం, లేకపోతే ఆ పిల్లలు కాలేజీ మొహం చూసేవాళ్ళు కాదు. ఇంకోటి, అక్కడి చట్టం ప్రకారం ఓటింగ్‌లో బయటికి పోదామని తేలితే ఫలితం ఖాయం కాగానే ఆ ఊరికి బస్సులూ రైళ్ళూ బందవుతాయి, పన్ను మాత్రం డార్ట్ అప్పులో ఆ ఊరి వాటా తీరేదాకా వసూలవుతూనే ఉంటుంది. ఈ సంగతి నేను అడిగిన తెలుగువాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

అందుకే అక్కడున్న మన పిల్లలకి చెప్పండి. దేశం మొత్తానికి రవాణా డబ్బు పంచే 2021 చట్టం గడువు కూడా 2026 సెప్టెంబరు 30తో అయిపోతుంది, కొత్తది రాసేటప్పుడు కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, తమ ప్రాంతం సభ్యుడికి ఒక ఉత్తరమైనా రాయాలి. కార్లున్నవాళ్ళు అడిగితే ఇంకా బాగా వింటారు.

కౌన్సిల్ మీటింగ్‌లో ముందుగా పేరిస్తే మామూలుగా మూడు నిమిషాలు మాట్లాడనిస్తారట. మా అమ్మాయి పేరిస్తానంది. ఏం చెప్పాలో ఫోన్లో ఇద్దరం కలిసి రాసుకుంటున్నాం, మొదటి ముక్క వాళ్ళమ్మ కంటి డాక్టరు రోజు గురించే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి,
నల్గొండ